డ్యూటీ దిగాక నిద్రపో బిడ్డా

రావిర్యాల

బిడ్డా,

మన మహేశ్వరం పేరుతో 2024లో ప్రభుత్వ మెడికల్ కాలేజీ మొదలైంది. ఈ చుట్టుపక్కల పిల్లలు ఇంకా ఎందరో డాక్టర్లవుతారు. సంతోషమే. కానీ పీజీలో చేరిన నీలాంటి పిల్లల మీద ఎంత భారం పడుతోందో ఇళ్లల్లో తెలియడం లేదు.

వరంగల్ సంగతి మరిచిపోకూడదు. కాకతీయ మెడికల్ కాలేజీలో అనస్థీషియా మొదటి ఏడాది పీజీ విద్యార్థిని 2023 ఫిబ్రవరి 22న ఎంజీఎం ఆసుపత్రిలో స్పృహ లేకుండా కనిపించింది. హైదరాబాద్ నిమ్స్‌కు తెచ్చారు. 26న కన్నుమూసింది. సీనియర్ వేధింపులే కారణమని కన్నవాళ్లు ఆరోపించారు, పోలీసులు అతణ్ని అరెస్టు చేశారు. ఆ అమ్మాయి బాధను దాచుకోలేదు. ఇంట్లో చెప్పింది, తండ్రి పోలీసులకు చెప్పాడు. అయినా ప్రాణం దక్కలేదు. కాబట్టి పిల్లలకు ధైర్యం చెబితే సరిపోదు. విన్న రోజే కదలాల్సిన బాధ్యత కాలేజీలది.

ఇది ఒక్క కాలేజీ కథ కాదు. జాతీయ వైద్య కమిషన్ టాస్క్‌ఫోర్స్ 2024లో ఇచ్చిన నివేదిక ప్రకారం, ఆన్‌లైన్ సర్వేలో పాల్గొన్న 5,337 మంది పీజీల్లో 31 శాతం మందికి ఆత్మహత్య ఆలోచనలు వచ్చాయి. వారానికి 74 గంటలకు మించి పని వద్దని, ఒక రోజు సెలవు, రోజూ ఏడెనిమిది గంటల నిద్ర ఉండాలని ఆ నివేదిక సూచించింది. వారపు సెలవు మాట 2023 పీజీ నిబంధనల్లోనూ ఉంది.

అంటే విశ్రాంతి అడగడం బద్ధకం కాదు, హక్కు. నిద్రలేని చేతుల్లో రోగికీ క్షేమం లేదు.

డ్యూటీ రోస్టర్ల కాపీలు దాచిపెట్టు. ఎవరైనా వేధిస్తే తేదీలతో సహా రాసి యాంటీ ర్యాగింగ్ కమిటీకి ఇవ్వు. ర్యాగింగ్ ఫిర్యాదులకు 1800-180-5522 హెల్ప్‌లైన్ నంబరూ ఉంది. నిద్ర పట్టకపోయినా, బతుకు మీద విసుగు పుట్టినా సొంత వైద్యం మాత్రం చేసుకోకు. నీ యూనిట్‌తో సంబంధం లేని సైకియాట్రిస్టును కలువు. చికిత్స వివరాలు గోప్యంగా ఉంచాలని 2017 మానసిక ఆరోగ్య చట్టమే చెబుతోంది. అర్ధరాత్రయినా మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలిమానస్ 14416లో తెలుగులో మాట్లాడొచ్చు.

ఒక ఏడాది పోయినా, సీటే పోయినా ఇంట్లో ఎవరూ నిన్ను పల్లెత్తు మాట అనరు. ఆ 14416 నంబరు ఈ రోజే ఫోన్‌లో పెట్టుకో, నీ బ్యాచ్‌లో అందరికీ పంపు.

ఆశీస్సులతో,
నీ పెద్దనాన్న