లింకు ఒక్కటే చాలదు

గచ్చిబౌలిలో ఇటు సెంట్రల్ యూనివర్సిటీ, అటు ట్రిపుల్ ఐటీ. ఈ చుట్టుపక్కల పరిశోధక విద్యార్థుల సిద్ధాంత వ్యాసాలు చదవడంతోనే నా ఉద్యోగ జీవితం గడిచింది. ఇప్పుడు థీసిస్ రాస్తున్న పిల్లలకు ఈ నాలుగు మాటలూ చెప్పాలనిపిస్తోంది.

1. లింకును నమ్ముకుని మిగతా వివరాలు వదిలేయకండి. డిజిటల్ లైబ్రరీ ఆఫ్ ఇండియా పథకంలో పాత తెలుగు పుస్తకాలు వేల సంఖ్యలో స్కాన్ అయ్యాయి. ఆ పనిలో మన ట్రిపుల్ ఐటీ పాత్ర పెద్దది. పరిశోధకులు ఆ సైటు లింకులనే అధోజ్ఞాపికల్లో ఎక్కించారు. తర్వాత సైటు మూతపడింది. పుస్తకాలు మాత్రం చాలావరకు ఇంటర్నెట్ ఆర్కైవ్‌లో దొరుకుతున్నాయి. రచయిత, పుస్తకం పేరు, ప్రచురణకర్త, సంవత్సరం, పుట రాసినవాళ్ల ఆధారాన్ని ఇవాళ కూడా వెతికి పట్టుకోవచ్చు. ఉత్త లింకు రాసినవాళ్లది ఎందుకూ కొరగాదు.

2. ముఖపత్రం తెరిచి చూడండి. ఆర్కైవ్‌లో ఆ పుస్తకాల గుర్తింపు సంఖ్య 'ఇన్.ఎర్నెట్.డీఎల్ఐ.2015' అంటూ మొదలవుతుంది. అందులోని 2015 ప్రచురణ సంవత్సరం కాదు. తాతల కాలంనాటి పుస్తకానికి ఆ ఏడాది వేసిన ఉపయుక్త గ్రంథసూచి చూస్తే ప్రాణం ఉసూరుమంటుంది. అక్కడి కేటలాగులో పేర్ల స్పెల్లింగులూ తప్పుల తడకే. పుట సంఖ్య కూడా పీడీఎఫ్ చూపించేది కాదు, కాగితం మీద అచ్చయినదే రాయాలి.

3. మారే పేజీకి చూసిన తేదీ తప్పనిసరి. 2003లో మొదలైన తెలుగు వికీపీడియాలో ప్రతి మార్పూ పేజీ చరిత్రలో ఉంటుంది. మీరు చదివిన కూర్పు లింకే ఇవ్వండి. హైటెక్ సిటీ కంపెనీల సైట్లలో ఆ సౌకర్యం లేదు. ఉద్యోగుల సంఖ్య రాత్రికి రాత్రే మారిపోవచ్చు. చూసిన రోజే వేబ్యాక్ మెషీన్‌లో భద్రపరచండి.

4. జీవోకు నంబరు, శాఖ, తేదీ. 2014 రాష్ట్ర విభజనకు ముందు ఉమ్మడి ప్రభుత్వం ఇచ్చినదైతే ఇది మరీ ముఖ్యం.

5. యూజీసీ 2018 నిబంధనల్లో 10 శాతం లోపు పోలికకు శిక్ష లేదు. అంతమాత్రాన అంతమేరకు ఎత్తిరాసుకోవచ్చని కాదు. మాటలు మార్చి రాస్తే సాఫ్ట్‌వేర్‌కు చిక్కకపోవచ్చు. ఆలోచన ఇంకొకరిదైతే వాళ్ల పేరు చెప్పి తీరాలి.

6. చాట్‌బాట్ ఇచ్చిన రిఫరెన్సును చదవకుండా సూచిలో చేర్చకండి. లేని వ్యాసానికి నిజమైన పత్రిక పేరు తగిలిస్తుంది. డీఓఐ నొక్కండి, అదే వ్యాసం తెరుచుకుందో లేదో చూడండి, మీరు ఉదహరించే వాక్యం ఏ పుటలో ఉందో వెతకండి. దొరక్కపోతే ఆ పద్దు కొట్టేయండి.