జ్వరం దిగితే జబ్బు పోయినట్టేనా?

ఒక తల్లికి జ్వరం వచ్చింది. కూలికి పోకపోతే పూట గడవదు. కొట్లో ఒక బిళ్ళ కొని వేసుకుంది. కాసేపటికి చెమట పట్టింది. జ్వరం దిగింది. నాట్లకు పోయింది. రాత్రికి మళ్ళీ జ్వరం. మళ్ళీ బిళ్ళ.

జ్వరం దిగింది. మరి జబ్బు పోయిందా?

మన రక్తంలో తెల్లకణాలు ఉంటాయి. అవి ఒంటికి కావలివాళ్ళు. రోగక్రిమి లోపలికి రాగానే దాని మీద పడతాయి. మెదడుకు కబురు పంపుతాయి. అప్పుడు ఒంట్లో ప్రోస్టాగ్లాండిన్ అనే పదార్థం తయారవుతుంది. పేరు కష్టం. దాని పని మాత్రం మనకు తెలిసిందే. నొప్పి, వాపు, జ్వరం దాని వల్ల పెరుగుతాయి.

ఆస్పిరిన్ బిళ్ళ ఆ పదార్థాన్ని తయారు కానివ్వదు. ఈ సంగతిని 1971లో లండన్‌లో జాన్ వేన్ అనే శాస్త్రవేత్త కనిపెట్టాడు. గినీపందుల ఊపిరితిత్తులతో పరీక్షలు చేశాడు. 1982లో మరో ఇద్దరితో కలిసి నోబెల్ బహుమతి పొందాడు.

మరి జ్వరం వల్ల మేలు ఏమైనా ఉందా?

తొండను చూడండి. ఎండలో ఉంటే దాని ఒళ్ళు వేడెక్కుతుంది. నీడకు పోతే చల్లబడుతుంది. అమెరికా ఎడారిలో తొండలాంటి జీవి ఒకటి ఉంది. పేరు ఇగ్వానా. జబ్బు చేస్తే అది వేడి చోటు వెతుక్కుంటుంది. అదే దాని జ్వరం.

1975లో మిచిగన్‌లో మాథ్యూ క్లూగర్ అనే శాస్త్రవేత్త, ఆయన తోటివారు వీటికి రోగక్రిములు ఎక్కించారు. వేడిలో ఉంచినవి ఎక్కువగా బతికాయి. చల్లని చోట ఉంచినవి ఎక్కువగా చనిపోయాయి. 1976లో జబ్బు చేసిన వాటికి ఆస్పిరిన్ జాతి మందు ఇచ్చారు. మందు వేసినా ఒళ్ళు వేడెక్కినవి బతికాయి. వేడెక్కనివి చనిపోయాయి. ఒళ్ళు వేడిగా ఉంటే తెల్లకణాలు చురుగ్గా పని చేస్తాయి.

తొండ వేరు, మనిషి వేరు. కాబట్టి బిళ్ళే వద్దని కాదు. జ్వరం బాధను తగ్గించుకోవాలి. కానీ బిళ్ళ రోగక్రిమిని చంపదు. మలేరియా, టైఫాయిడ్ దానితో పోవు. వాటికి వేరే మందులున్నాయి.

గుర్తుంచుకోండి:
• జ్వరం తిరగబెడితే ఆరోగ్య కేంద్రానికి వెళ్ళి రక్త పరీక్ష చేయించుకోవాలి.
• డెంగీ అనుమానం ఉంటే ఆస్పిరిన్ వేసుకోరాదు. రక్తం కారే ప్రమాదం పెరుగుతుంది.
• పిల్లల జ్వరానికి ఆస్పిరిన్ ఇవ్వరాదు. ఏ మందు, ఎంత ఇవ్వాలో డాక్టరును అడగాలి.
• గుండె జబ్బుకు డాక్టరు రాసిన ఆస్పిరిన్‌ను సొంతంగా మానరాదు.

ఆ తల్లి మూడో బిళ్ళ కొనలేదు. పక్కింటి వదినను తోడు తీసుకుని ఆరోగ్య కేంద్రానికి వెళ్ళింది. రక్త పరీక్షలో మలేరియా అని తేలింది. దానికి తగిన మందు ఇచ్చారు. రోజులు తప్పకుండా వాడింది. జ్వరం మళ్ళీ రాలేదు.

చదివి చెప్పండి:
1. తెల్లకణాలు ఏం చేస్తాయి?
2. జబ్బు చేసిన ఇగ్వానా వేడి చోటుకు ఎందుకు పోతుంది?
3. మీ ఇంట్లో జ్వరం వస్తే మొదట ఏం చేస్తున్నారు? ఇకమీదట ఏం చేస్తారు?