రాగిరేకు మీద మస్లిన్

1795 నుంచి 1815 దాకా పారిస్, లండన్ స్త్రీలు గ్రీకు శిల్పాలను చూసి ముస్తాబయ్యారు. ఆ కాలపు అచ్చుబొమ్మలంటే నాకు ప్రాణం. ప్రింట్‌మేకింగ్ పాఠాలు చెబుతూ నేను నేర్చుకున్నవి మీకోసం రాస్తున్నాను.

1. ముందు అంచు చూడండి. తడిపిన కాగితాన్ని బొమ్మ చెక్కిన రాగిరేకు మీద పరిచి ప్రెస్సులో నొక్కితే చుట్టూ రేకు నొక్కు పడుతుంది. అది కనబడకపోతే తర్వాతి నకలే అనుకోకండి. ఎవరో కాగితం అంచులు కత్తిరించి ఉండవచ్చు.

2. అసలు విద్యంతా తెలుపులో ఉంది. రొమ్ము కిందే ముడి, అక్కణ్ణుంచి పాదాల దాకా జారే పల్చని మస్లిన్. చెక్కేవాడు ఆ బట్టను గియ్యడు. కాగితాన్ని ఖాళీగా వదిలేసి, మోకాలు తగిలేచోట ఒకటి రెండు గీతలు, పాదాల దగ్గర మరికొన్ని మడతలు పెడతాడు, అంతే. మా పిల్లలు ఆ ఖాళీని నింపబోయేవాళ్లు. చెయ్యి పట్టుకుని ఆపేదాన్ని. నీడ ఎక్కువైతే మస్లిన్ కాస్తా దుప్పటి అయిపోతుంది. ఆ బట్టలో మేలురకం మన బెంగాల్ నుంచి, ఢాకా మగ్గాల మీంచి వెళ్లింది. భుజం మీది శాలువాల్లో పేరుమోసినవి కాశ్మీరువి; తర్వాత ఐరోపాలోనే నకళ్లు నేశారు. అంచున మామిడిపిందెలు కనిపిస్తే కాసేపు ఆగి చూడండి. బొమ్మ కింద చెక్కినవాడి పేరైనా ఉంటుందేమో గానీ, నేసినవాడి పేరు ఉండదు. నాకు అది ఇప్పటికీ బాధే.

3. పైన ‘కోస్త్యూమ్ పారిసియెన్’, పక్కన ‘ఆన్ 8’ అని ఉంటే అది 1808 కాదు. ఫ్రెంచి విప్లవ పంచాంగంలో ఎనిమిదో ఏడు: 1799 సెప్టెంబరు నుంచి 1800 సెప్టెంబరు దాకా. 1797లో మొదలైన ‘జుర్నాల్ దే దామ్ ఎ దే మోద్’ పత్రిక బొమ్మలివి.

4. ఒక్క ప్రతి చూసి, ఆ ఏడు ఫలానా రంగు చెలామణిలో ఉందని చెప్పకండి. రంగులు చేత్తో వేసేవాళ్లు. ఒకే రేకు నుంచి తీసిన రెండు ప్రతుల్లో రిబ్బన్ రంగులు వేరుగా ఉండొచ్చు.

5. వ్యంగ్యచిత్రాలనూ పక్కన పెట్టుకోండి. 1810లో ఇంగ్లీషు వ్యంగ్యచిత్రకారుడు గిల్‌రే వేసిన బొమ్మలో ముగ్గురు స్త్రీలకు పెనుగాలికి బట్టలు ఒంటికి అతుక్కుపోయి ఉంటాయి. పత్రిక బొమ్మ ఆశపెట్టడానికి గీసింది, ఇది నవ్వించడానికి. రెండూ ఉన్నదాన్ని పెంచి చూపేవే. అందుకే అసలు గౌను కూడా చూడాలి. లండన్ విక్టోరియా అండ్ ఆల్బర్ట్ మ్యూజియంలో ఆ కాలపువి ఉన్నాయి. ఇలాంటి గౌన్లలో చాలావాటికి పైభాగం లోపల లైనింగు గుడ్డ ఉంటుంది. ఒళ్లు కనబడేంత పల్చన అని మనం బొమ్మ చూసి అనుకునేది అక్కడే సగం తేలిపోతుంది.