పోటీ పరీక్షల ప్రత్యేకం: తెరమీద నీటి కరువు

కొండాపూర్ హాస్టళ్లలో చదువుకునేవాళ్లకు ఎండాకాలం ట్యాంకర్ కోసం ఎదురుచూడటం కొత్త కాదు. పల్లె దాహం మీద వచ్చిన సినిమాల్లో మన ప్రాంతానికి దగ్గరిది ‘వెల్‌డన్ అబ్బా’. హైదరాబాద్‌లో పుట్టిన శ్యామ్ బెనగళ్ దర్శకుడు. ఈ హిందీ చిత్రానికి ఆధారమైన కథల్లో ఒకటి హైదరాబాదీ ఉర్దూ రచయిత్రి జీలానీ బానోది.

తెలంగాణ పల్లె చికట్‌పల్లిలో అర్మాన్ అలీకి (బొమన్ ఇరానీ) ప్రభుత్వ బావి మంజూరవుతుంది. డబ్బంతా లంచాలకే సరి. కాగితాల్లో మాత్రం బావి సిద్ధం! అప్పుడు అర్మాన్, ఆయన కూతురు ఠాణాకెళ్లి ‘మా బావి పోయింది’ అని ఫిర్యాదు చేస్తారు. నీటి కరువుకు వానే కారణం కానక్కర్లేదని ఇంత నవ్విస్తూ చెప్పిన సినిమా అరుదు. 57వ జాతీయ అవార్డుల్లో సామాజికాంశాల విభాగంలో గెలిచింది. 2010లో విడుదలైనా అవార్డు 2009 సంవత్సరానిది. ఈ తేడా గుర్తుంచుకోండి.

నీటి సమస్యపై గుర్తుంచుకోవాల్సిన మరికొన్ని సినిమాలు: ‘తణ్ణీర్ తణ్ణీర్’ (1981, తమిళం): దర్శకుడు కె. బాలచందర్, మూలం కోమల్ స్వామినాథన్ నాటకం, కథానాయిక మన సరిత. ‘దో బూంద్ పానీ’ (1971): దర్శకుడు కె.ఎ. అబ్బాస్, నేపథ్యం రాజస్థాన్. తెలుగులో ‘ఖైదీ నంబర్ 150’ (2017): తమిళ ‘కత్తి’కి రీమేక్.