ఏ బొమ్మకు పోవలెను?

చలనచిత్రము చూచుట యొక వేడుక. చూచినదానిని గూర్చి నలుగురిలో వాదించుట మరియొక వేడుక. ఈ రెండవ వేడుకలో గుంటూరు, ఒంగోలు సీమలవారు ఎవరికిని తీసిపోరు. నల్లరేగడి నేలలతో నిండిన ఈ మైదానమున ప్రత్తియు మిరపయు ముఖ్యమైన పైరులు. ఒంగోలు ప్రాంతము 1970లో వేరు జిల్లా అయి, 1972లో ప్రకాశం పంతులుగారి పేరు దాల్చెను; 2022లో పల్నాడు, బాపట్ల జిల్లాలు క్రొత్తగా ఏర్పడెను. జిల్లాల ఎల్లలు మారినవి గాని, సినిమాను ‘బొమ్మ’ యనియు, ప్రదర్శనమును ‘ఆట’ యనియు పిలుచు వాడుక పల్లెలలో చిరకాలము నిలిచినది.

1921లో విజయవాడలో మారుతీ సినిమాశాల వెలసెను. 1932లో ‘భక్త ప్రహ్లాద’తో తెలుగు బొమ్మకు మాట వచ్చెను. తరువాత పట్టణములలో సినిమాశాలలు లేచినవి. పల్లెలకు మాత్రము డేరాలే దిక్కు. పంట నూర్పిళ్లు ముగిసి వానలు లేని దినములలో ఊరి వెలుపల బయలులో గుడారము వేసి, యంత్రమును నిలిపి, కొన్ని మాసములు ఆటలాడి, మరల మూట గట్టుకొని మరియొక ఊరికి పోవుచుండిరి. నేల, బెంచి, కుర్చీ అని తరగతులు. స్త్రీలకు ఒక ప్రక్క, పురుషులకు ఒక ప్రక్క. ఇసుకను కుప్పగా చేసికొని దానిపై కూర్చుండు నేలవారి ఠీవి కుర్చీవారికి లేదు.

క్రొత్త చిత్రము పట్టణములో విడుదలయైన పిమ్మట డేరాకు వచ్చుటకు నెలలు పట్టుచుండెను. కావున బొమ్మకంటె ముందు బొమ్మను గూర్చిన మాట ఊరు చేరుచుండెను. ఆ మాటను తెచ్చినవారు ఎవరు? మిరపకాయలను ‘టిక్కీ’లలో త్రొక్కి బండ్లపై గుంటూరునకు తోలుకొని పోయిన రైతులు. కమీషను దుకాణములో సరకు అమ్ముడగు వరకు వారు ఆ రాత్రి పట్టణములోనే ఉండవలెను. ఉన్నవారు ఊరక యుందురా? రెండవ ఆటకు పోవుదురు. మరునాడు తిరిగివచ్చిన బండి చుట్టును జనము మూగి, ముందు మిరప ధరను, వెంటనే బొమ్మ సంగతిని అడుగుచుండిరి.

“ఏం మామా, బొమ్మ ఎట్లా ఉంది?”

“బాగుందిరా.”

“ఎవరికి బాగుంది? నాకా, మా అమ్మకా?”

“మీ అమ్మకు పద్యాలుంటే చాలు. ఇందులో లేవు, ఆమెను తీసుకుపోవద్దు. కత్తియుద్ధాలు మాత్రం నువ్వు మెచ్చేవే. నువ్వు పో.”

ఇట్టి సంభాషణములో చిత్రవిమర్శ యంతయు ఇమిడియున్నది. ‘బాగున్నది’ యను మాట ఒక్కటే ఎవరికిని ఉపయోగపడదు. ఎవరికి బాగున్నది, ఏ గుణము వలన బాగున్నది యని చెప్పగలవాని మాటకే ఊరిలో విలువ యుండెను. ఆ విలువ ఊరక వచ్చినది కాదు. మిరపకాయలు కోయు కూలివారిలో హెచ్చుమంది స్త్రీలు. ప్రొద్దు పొడిచినది మొదలు వంగి కోసి, చేతులు మండుచుండ ఇల్లు చేరువారికి కూలి డబ్బులో కొన్ని అణాలు తీసి నేల టిక్కెట్టు కొనుట చిన్న పని కాదు. పిల్లలను వెంటబెట్టుకొని పోవలెను. మరునాటి వేకువనే మరల చేనికి పోవలెను. చెప్పినవాని మాట నమ్మి పోయి విసుగుతో తిరిగివచ్చిన తల్లి, రెండవమారు వానిని అడుగదు. ఎదురుపడినప్పుడు నాలుగు మాటలు అనక మానదు కూడ.

సలహా చెప్పువారికి పోటీగా నిలిచినది పాటలపుస్తకము. కొద్ది పైసలకు అమ్మబడు ఆ పలుచని పుస్తకములో పాటలతో బాటు కథాసంగ్రహము ఉండెడిది. కథ మంచి పట్టులోనికి రాగానే ఆపి, శేషమును వెండితెరపై చూడుడని ముగించెడివారు. ఇది వ్యాపారపు నేర్పు. పాటలపుస్తకము ఏ చిత్రమును గూర్చియు చెడుగ చెప్పదు, మామ చెప్పును. భేదము అదియే.

పౌరాణికము, జానపదము, చారిత్రకము, సాంఘికము అని నాలుగు జాతులుగా చిత్రములను విభజించు పద్ధతి అక్షరము రానివారికిని తెలిసినదే. ఒక జాతిని కొలుచు కొలతతో మరియొక జాతిని కొలువరాదన్న సంగతి 1951లో బాగుగ తేలినది. ఆ యేట కె. వి. రెడ్డిగారి ‘పాతాళభైరవి’యు, బి. ఎన్. రెడ్డిగారి ‘మల్లీశ్వరి’యు వెలువడెను. రెంటను కథానాయకుడు ఎన్. టి. రామారావే. మొదటిది జానపదము, తోటరాముని సాహసములు, ఎస్. వి. రంగారావు ధరించిన నేపాళ మాంత్రికుని పాత్ర, మాయలు, మంత్రములు చూపరులను రెప్ప వేయనీయవు. రెండవది శ్రీకృష్ణదేవరాయల కాలమున జరిగినట్లు కల్పించిన ప్రేమకథ, మెల్లగా నడచును. దేవులపల్లి కృష్ణశాస్త్రి మాటలు, పాటలు వ్రాసెను. మల్లీశ్వరి పాత్రను ధరించి స్వయముగా పాడిన భానుమతి ఒంగోలు సమీపమున దొడ్డవరములో పుట్టినది. ఇది పరుగెత్తదేమని ‘మల్లీశ్వరి’ని నిందించుటయు, ఇది నిజముగా జరుగునా యని ‘పాతాళభైరవి’ని ప్రశ్నించుటయు ఒకే తప్పునకు రెండు ముఖములు. ప్రత్తిని ఘాటు లేదని, మిరపను దూది రాలేదని నిందింపవచ్చునా?

పౌరాణిక చిత్రముల విషయములో ఈ సీమవారిని మెప్పించుట మరింత కష్టము. పద్యనాటకములు ఇక్కడ బాగుగ వేళ్లూనినవి. సత్యభామ వేషముతో ఆంధ్రదేశమును మురిపించిన స్థానం నరసింహారావు బాపట్లవాడు. రంగస్థలముపై పద్యము విన్న చెవులు తెరపై పద్యము తప్పిన నొచ్చుకొనును. 1957లో ‘మాయాబజార్’ వచ్చినప్పుడు తగవు వేరొక విధమున లేచుటకు చోటు దొరకెను. శశిరేఖా పరిణయము వ్యాసభారతమున లేదు. అభిమన్యునకు అందు ఉత్తరయే భార్య. పండితుడు ఈ మాట యన్న, పామరుడు నవ్వి, “లేకుంటే లేకపోయె, ఉండవలసిన కథే కదా!” యనగలడు. పండితుడు చెప్పినది సత్యము. అయినను రెండవవాని పక్షమే మేలు; కథ జనులు తరతరములుగా చెప్పుకొన్నది, అల్లిక చక్కనిది. పాండవులు తెరపై కానరాకుండగనే పాండవపక్షపు కథను నడిపిన నేర్పును పురాణజ్ఞానము కలవారే ముందుగ మెచ్చవలెను.

డేరాలలో తరచుగా యంత్రము ఒక్కటే. వేయి అడుగుల ఫిల్ము పదునొకండు నిమిషములలో తిరిగిపోవును. రీలు మార్చునప్పుడెల్ల దీపములు వెలిగింపవలెను. కావున ఆట మధ్యనే పెక్కు విరామములు; విరామమున కొక చర్చ. పట్టణపు మేడశాలలలో ఈ సౌకర్యము లేదు! అయితే ఈ చర్చలను చెరచినదియు ఒకటి కలదు. అదియే వీరాభిమానము. రామారావు గుంటూరు క్రైస్తవ కళాశాలలో చదివి, 1947లో కొలదిదినములు సబ్ రిజిస్ట్రారుగా పనిచేసినవాడు. అతనిని తమవానిగ నెంచువారు ఒక పక్షము. అక్కినేని నాగేశ్వరరావును మెచ్చువారు మరియొక పక్షము. 1953లో ‘దేవదాసు’ రాగా, పార్వతిగ నటించిన సావిత్రి గుంటూరు జిల్లా చిర్రావూరి బిడ్డ యగుటచే ఆ పక్షమునకు బలము చేకూరెను. ఇద్దరు నాయకులును కలిసి నటించిన ‘మిస్సమ్మ’, ‘గుండమ్మకథ’ వంటి చిత్రములకు రెండు పక్షములును వచ్చి, చెరియొక ప్రక్క కేకలు వేసి తృప్తి పడెడివి. నటుని పేరు చెప్పి బొమ్మకు పొమ్మనుట సలహా కాదు. ఇప్పుడు చేతిలోని ఫోనులలో నక్షత్రములు వేసి తీర్పు చెప్పువారికిని ఈ జబ్బు వదలలేదు.

సాంఘిక చిత్రములకు వచ్చునప్పటికి సలహా చెప్పుట ధైర్యముతో కూడిన పని ఆయెను. 1938లో గూడవల్లి రామబ్రహ్మం ‘మాలపిల్ల’ను తీసెను. కథ చలముది, బ్రాహ్మణ యువకుడు మాలవాడలోని పిల్లను ప్రేమించుట అందలి వస్తువు. ఆ పిల్లగ కాంచనమాల నటించెను. చెన్నరాజధానిలో ఆలయప్రవేశమును గూర్చిన శాసనము వెలువడినది మరుసటి యేట, అనగా 1939లో. గుడి తలుపులు కొందరికి మూసియున్న ఊరిలో “ఈ బొమ్మ చూడుడు” అని చెప్పుట పాటలు బాగున్నవని చెప్పుట వంటిది కాదు. తాను ఏ పక్షమో చెప్పుట. 1939లో వచ్చిన ‘రైతుబిడ్డ’ జమీందారుల ఆగ్రహమునకు గురియై కొన్నిచోట్ల నిషేధింపబడెను. దానికి పాటలు కూర్చిన కొసరాజు రాఘవయ్యచౌదరి బాపట్ల సమీపమున అప్పికట్లలో జన్మించెను. 1955లో తాపీ చాణక్య తీసిన ‘రోజులు మారాయి’కి ఆయన వ్రాసిన ఏరువాక పాట పొలములలోని నాగళ్ల వెంట నడచినది. కౌలు, భూమి, అన్యాయము అను మాటలు తెరపై విన్న కౌలుదారు, బొమ్మ ఎట్లున్నదని అడిగినవానికి తన చేని సంగతియే చెప్పనారంభించిన ఆశ్చర్యమేమి?

ఈ చర్చలను కాగితముపైకి ఎక్కించినవారిలో తెనాలివారు గణ్యులు. 1909లో అక్కడ జన్మించిన కొడవటిగంటి కుటుంబరావు కథకుడుగ ప్రసిద్ధుడు. సినిమాలను గూర్చియు విరివిగా వ్యాసములు వ్రాసెను. తెనాలి ప్రాంతమువాడే యైన చక్రపాణి శరత్ నవలలను తెలుగు చేసి, పిదప నాగిరెడ్డితో కూడి ‘పాతాళభైరవి’, ‘మాయాబజార్’ చిత్రములను నిర్మించెను. ఆ తెనుగుసేతలు చదివినవారు ‘దేవదాసు’ డేరాకు వచ్చునప్పటికి కథ నెరిగియే వచ్చిరి.

కథ నెరిగినవారి తీర్పు ఎంత కఠినమో పల్నాటిలో చూడవలెను. పల్నాటి వీరచరిత్ర అక్కడివారికి పుస్తకములోని కథ కాదు. కారెంపూడిలో నాగులేటి ఒడ్డున వీరుల గుడి కలదు. ఏటేట కార్తికమున ఉత్సవము జరుగును. వీరవిద్యావంతులు ఆ కథను పాడుదురు. రామబ్రహ్మం ‘పల్నాటి యుద్ధం’ తీయుచు 1946లో మరణింపగా, ఎల్. వి. ప్రసాదు పూర్తిచేయ, 1947లో అది విడుదలయ్యెను. నాగమ్మగ కన్నాంబ, బ్రహ్మనాయుడుగ గోవిందరాజుల సుబ్బారావు, బాలచంద్రుడుగ నాగేశ్వరరావు నటించిరి. 1966లో రామారావు, భానుమతులతో అదే పేర మరల చిత్రము వచ్చెను. రెంటిని చూచిన పల్నాటి వృద్ధులకు ఏది మేలని తేల్చుట సులభము కాదు. నాగమ్మ యెవరు, నాయుడెవరు అని తరతరములుగా పోట్లాడుకొనుచున్న నేలపై చిత్రములు కొత్త సాక్షులుగ మాత్రమే నిలిచినవి. ఇక కారెంపూడిలో పాట విన్న ముసలివానిని ఈ రెండు బొమ్మలలో దేనికి పోవలెనని అడిగినచో, రెంటికిని పొమ్మని, ముందు ఉత్సవమునకు రమ్మని చెప్పుట తప్ప వేరొక సమాధానము వచ్చునా?