ఎందరు చూచిరి? ఎవరి కొరకు చేసితిమి?

యువజన కూటములకును కుటుంబ ప్రార్థనలకును ఈ నెల పాఠము

చదువవలసిన భాగములు: మార్కు 5:35–43, యోహాను 6:1–15, 60–69



గడచిన నెల యువజన కూటము ముగిసిన పిమ్మట, ఇంటరు చదివి ఇంటిపట్టున నున్న ఒక కుర్రవాడు నా యొద్దకు వచ్చి నిలుచుండెను. వాని తండ్రి మేకలను పెంచి జీవనము చేయువాడు. "అయ్యగారూ, యూట్యూబులో ఒక ఛానల్ పెడదామనుకుంటున్నాను. నలుగురూ చూడాలంటే ఏం చెయ్యాలి? అది పాపమని మా నాన్న అంటున్నాడు. నిజమేనాండీ?" అని యడిగెను.

నేను వెంటనే ఉత్తరము చెప్పలేదు. ఏలయనగా ఈ విషయములో నేనే ఒకసారి తప్పిపోయినవాడను. ఆ సంగతి దాచిపెట్టి వానికి బుద్ధి చెప్పుట న్యాయము కాదని తోచినది. కావున వానికి చెప్పవలసినదంతయు ఈ పాఠములో వ్రాయుచున్నాను. ఇట్టి ప్రశ్నతో నున్న పిల్లలు మన సంఘములన్నిటిలో నున్నారు గదా.

1. జనము ఎట్లు కూడుదురు?

మనము సువార్త కూటము పెట్టినప్పుడు చెట్టుకు మైకు కట్టుదుము. ఊరంతయు వినును, వినవలెనను మనసు లేనివాడును వినును. యూట్యూబు అట్టిది కాదు. అక్కడ ఎవని యెదుట ఏ వీడియో పెట్టవలెనో కంపెనీవారి యంత్రము నిర్ణయించును. చూచినవారు ఎంతసేపు నిలిచి చూచిరో, నడుమ లేచిపోయిరో, మరల వచ్చిరో అది కనిపెట్టి, దానిని బట్టి మరికొందరి యెదుట పెట్టును. 2012వ సంవత్సరమునకు ముందు ఎందరు తెరచిరను లెక్కయే ముఖ్యముగా నుండెను. పైన ఆశపుట్టించు బొమ్మ పెట్టి లోపల ఏమియు లేని వీడియోలు ప్రబలినందున, ఆ యేట ఎంతసేపు చూచిరను లెక్కకు ప్రాధాన్యమిచ్చిరి. కాబట్టి మొదటి అరనిమిషములో సంగతికి రానివాని మాట వినుటకు ఎవరును ఆగరు. ప్రసంగము చేయు మాకు కూడ ఇది పనికివచ్చు బుద్ధియే.

మన పల్లెలలో ఈ పని 2016 సెప్టెంబరు తరువాత విస్తరించినది. జియో వచ్చి నెట్టు ధర పడిపోయినందున కూలికి పోవువారి చేతికిని ఫోను వచ్చినది. 2020 జూన్ 29న ప్రభుత్వము టిక్‌టాక్‌ను నిషేధించెను. ఆ సెప్టెంబరులోనే యూట్యూబువారు షార్ట్సు అను చిన్న వీడియోలను మొదట మన దేశములోనే ఆరంభించిరి.

2. డబ్బు సంగతి

డబ్బు వచ్చునని విని అనేకులు ఈ పనిలో దిగుచున్నారు. కావున లెక్క తెలిసికొనుడి. ప్రకటనల మీద వచ్చు డబ్బులో భాగము దొరకుటకు 1,000 మంది సబ్‌స్క్రైబర్లు ఉండవలెను. వారు గాక, కడచిన 12 నెలలలో జనులు మన వీడియోలను మొత్తము 4,000 గంటలు చూచియుండవలెను. లేదా 90 దినములలో షార్ట్సును కోటిసారులు చూచియుండవలెను. 4,000 గంటలనగా 2,40,000 నిమిషములు. ఒక్కొక్కరు 4 నిమిషములు చూతురనుకొన్నను 60,000 సారులు చూడవలెను. అంతయు నెరవేరిన తరువాత, పెద్ద వీడియోలపై ప్రకటనల వలన వచ్చిన నూరు రూపాయలలో 55 చేసినవానికి, 45 కంపెనీకి చెందును. ప్రకటనలు తక్కువ వచ్చిన నెలలో ఆ నూరే చిన్నదగును.

కాబట్టి పొలము కుదువబెట్టి కెమెరా కొనవద్దు. ఉన్న ఫోనుతో, పగటి వెలుతురులో, గాలి హోరు లేని చోట మొదలుపెట్టవచ్చును.

3. మన పల్లెలవారు కొందరు

గుంటూరు జిల్లాలో తెనాలి ప్రాంతపు గుడివాడ అను పల్లెలో మస్తానమ్మ అను వృద్ధురాలుండెను. 2016లో ఆమె మునిమనుమడు తన స్నేహితునితో కలిసి, ఆమె ఆరుబయట కట్టెల పొయ్యిమీద వండుచుండగా తీసి కంట్రీ ఫుడ్స్ అను ఛానలులో పెట్టెను. ఆమె పుచ్చకాయలో కోడికూర వండిన వీడియోను దేశదేశముల వారు చూచిరి. 2018 డిసెంబరులో ఆమె చనిపోవునప్పటికి 107 ఏండ్ల వయస్సని చెప్పిరి. సబ్‌స్క్రైబర్లు పది లక్షలు దాటియుండిరి. ఆమె ఎవరి వలెను నటింపలేదు. తనకు తెలిసిన వంట తన విధముగా వండెను.

జగిత్యాల జిల్లా లంబాడిపల్లిలో శ్రీరాం శ్రీకాంత్ అనునాయన 2012లో మై విలేజ్ షో అను ఛానలు పెట్టెను. కూలిపని చేసి, బీడీలు చుట్టి బ్రదికిన గంగవ్వ తరువాతి యేండ్లలో అందులో కనబడెను. 2020లో ఆమెను బిగ్‌బాస్‌కు పిలిచిరి. ఆ పేరు ఒక రాత్రిలో వచ్చినది కాదని 2012 అను ఆ సంవత్సరమే మనకు చెప్పుచున్నది.

తెలంగాణములో నారాయణ రెడ్డి అను పెద్దాయన 2017 మొదలుకొని గ్రాండ్‌పా కిచెన్ అను ఛానలులో పెద్ద పెద్ద గిన్నెలతో వండి, ఆ భోజనమును అనాథ పిల్లలకు పెట్టుచుండెను. 2019 అక్టోబరు 27న తన 73వ యేట ఆయన కన్నుమూసెను. చూచినవారు లక్షలమంది. తినినవారు ఆ పిల్లలు. ఈ రెండు లెక్కలలో ఏది లేకున్నను ఆ పని అట్లుండెడిది కాదు.

ఈ మువ్వురును పట్నపు వేషము వేయలేదు. వారికి తెలిసినదే చూపిరి, ఓపికతో చూపిరి. ఇది పాపమని నేను చెప్పలేను.

4. నా తప్పు

2020 మార్చిలో కరోనా వలన ఆరాధనలు నిలిచినప్పుడు, స్టూలు మీద ఫోను పెట్టి ఆదివారపు వర్తమానమును యూట్యూబులో పెట్టుచు వచ్చితిని. గుడి మరల తెరచిన పిమ్మటను మానలేదు. రెండు వందలమంది చూచెడివారు. మెల్లగా నాలో ఒక అలవాటు పుట్టినది. ఆదివారము మధ్యాహ్నము అన్నమునకు కూర్చుండకముందే ఫోను తీసి లెక్క చూచెడివాడను. గుడిలో చాపలమీద కూర్చున్న నలువదిమంది కంటె ఫోనులోని రెండు వందలు నాకు పెద్దగా కనబడసాగెను.

అట్లుండగా మన సంఘములోని ఒక విధవరాలి కుమారుడు చనిపోయెను. భూస్థాపన కూటములో ఆ తల్లి పెట్టె మీద పడి యేడ్చినది. యువకుడొకడు ఆ కూటమంతయు ఫోనులో తీసెను. నేను అందులోనుండి ఆ యేడ్పును వేరుచేసి, నా మాటలు రెండు చేర్చి, కన్నీరు తెప్పించు పేరు పెట్టి ఛానలులో వేసితిని. ఎవరి సెలవును అడుగలేదు. నలువది వేలమంది చూచిరి.

ఆమె మూడు ఆదివారములు గుడికి రాలేదు. నేను ఇంటికి వెళ్లితిని. ఆమె కుర్చీ వేసి, నీళ్లిచ్చి, ఇట్లు చెప్పెను: "అయ్యగారూ, నేనేడిచింది దేవుడు చూశాడు, మీరు చూశారు. చాలదా? బస్సులో ఎవరో ఫోను తెచ్చి మా కోడలికి చూపించారంట. పిల్ల అన్నం తినడం లేదు."

నేను తలవంచుకొని క్షమాపణ అడిగితిని. అయినను సిగ్గుతో ఒక సంగతి ఒప్పుకొనుచున్నాను. ఇంటికి వచ్చి ఆ వీడియోను తీసివేయవలసిన చోట, ఒక రాత్రి తాళితిని. ఆ లెక్క ఇంకను పెరుగుచుండెను. తెల్లవారిన తరువాతనే తీసివేసితిని. అప్పటికే దానిని దించుకొన్నవారు వాట్సాప్‌లో పంపుచుండిరి. నా ఛానలులో నేను తీసివేయగలిగితిని గాని, లోకములోనుండి తీసివేయలేకపోతిని. ఇప్పటికిని అప్పుడప్పుడు ఎక్కడనో ఒకచోట అది కనబడుచునే యున్నది.

5. వాక్యము నేర్పునది

యాయీరు ఇంటికి ప్రభువు వచ్చినప్పుడు అక్కడ ఏడ్చువారు, గోలచేయువారు నిండియుండిరి. ఆయన వారినందరిని బయటకు పంపి, తలిదండ్రులను, ముగ్గురు శిష్యులను మాత్రమే వెంటబెట్టుకొని లోపలికి వెళ్లెను. పిల్ల లేచిన పిమ్మట ఆ సంగతి ఎవరికిని తెలియనీయవద్దని గట్టిగా ఆజ్ఞాపించి, ఆమెకు ఆహారము పెట్టుమని చెప్పెను. ఆ దినమున జనమును కూర్చుకొనుటకు ఇంతకంటె గొప్ప సంగతి ఏమున్నది? అయినను ప్రభువు ఆ యింటి దుఃఖమును, ఆ యింటి సంతోషమును కూడ గుంపు కన్నులనుండి కాపాడెను. ఆయన తలంపు ఆ పిల్ల ఆకలి మీద నుండెను. నేను ఆ విధవరాలి యింట ఏమి చేసితినో ఈ భాగము చదివిన ప్రతిసారి నాకు జ్ఞాపకము వచ్చుచున్నది.

యోహాను 6వ అధ్యాయములో అయిదువేలమంది పురుషులు రొట్టెలు తిని, ఆయనను రాజుగా చేయగోరిరి. ఆయన కొండకు తొలగిపోయెను. తరువాత కఠినమైన మాట చెప్పగా అనేకులు వెనుకకు మరలిరి. వారిని నిలుపుకొనుటకు ఆయన మాట మార్చలేదు. అయితే ఈ భాగమును తప్పుగా తీసికొనకుడి. గుంపు కూడుట పాపమని ఇందులో లేదు. ఆకలితోనున్న ఆ గుంపును చూచి భోజనము పెట్టినవాడు ఆయనయే. గుంపు కొరకు తన్ను మార్చుకొనలేదు, అంతే.

6. చేయదలచిన వారికి

ఆ కుర్రవానికి నేను చెప్పిన మాటలివి.

మొదటిది: ఒక్క మనిషిని మనసులో పెట్టుకొనుము. వాని పిన్ని డ్వాక్రా అప్పుతో రెండు మేకలను కొన్నది. "లోకమునకు చెప్పకుము, మీ పిన్నికి చెప్పుము" అంటిని. ఒకరికి నిజముగా పనికివచ్చినది అట్టి అవసరమున్న పదిమందికి పనికివచ్చును. మేకల సంగతి, నాటకముల సంగతి, పాటల సంగతి ఒకే ఛానలులో కలిపినయెడల ఎవరు దేనికొరకు వచ్చిరో తెలియక చెదిరిపోదురు.

రెండవది: మానక చేయుము. వారమునకొకటి చేయగలిగిన ఒకటే చేయుము. మొదటి నెలలో పది పెట్టి తరువాత మూడు నెలలు మౌనముగా నుండుటకంటె అది మేలు.

మూడవది: పేరులో చెప్పినది లోపల నుండవలెను. లేని రోగమును, జరుగని అద్భుతమును చెప్పి పిలువకుము. పశువు రోగమునకు మందు చెప్పునప్పుడు పశువైద్యుని అడిగిన తరువాతనే చెప్పుము. నీ మాట నమ్మి ఒక విధవరాలు మేకను పోగొట్టుకొనవచ్చును.

నాలుగవది: సబ్‌స్క్రైబర్లను కొనకుము. "నీవు నాకు చేయుము, నేను నీకు చేసెదను" అను బేరమును కూడ యూట్యూబు నిబంధనలు ఒప్పవు. అట్లు వచ్చినవారు వీడియో చూడరు. చూడనివారు వెయ్యిమంది యున్నను గంటలు పెరుగవు.

అయిదవది: ఇతరుల పాట వాడకుము. పాట సొంతదారులు ఫిర్యాదు చేసి, 90 దినములలో మూడుసారులు తప్పు పడినయెడల ఛానలునే తీసివేయవచ్చును. భక్తి పాటయైనను అది ఒకరి కష్టమే.

ఆరవది: ఎవరి ముఖము చూపుచున్నావో వారి సెలవు ముందుగా అడుగుము. ఇంటి కలహమును, స్త్రీల కన్నీటిని, రోగి మంచమును, చిన్నపిల్లల అవమానమును చూపి జనమును కూర్చుకొనకుము. ఇందులో సందేహము కలిగినప్పుడు నా కథ జ్ఞాపకము చేసికొనుము.

ఏడవది: లెక్క చూచుటకు వారములో ఒక దినము పెట్టుకొనుము. ఎందరు అని మాత్రము కాక, ఎక్కడ లేచిపోయిరో చూచి అక్కడ దిద్దుకొనుము. మిగిలిన దినములలో మేకలను చూచుకొనుము.

మొన్న ఆ కుర్రవాడు మేకల దొడ్డి నేల తడిలేకుండ ఉంచుట యెట్లో చూపుచు మొదటి వీడియో పెట్టెను. 36 మంది చూచిరి. వాని ముఖము చిన్నబోయినది. "మీ పిన్ని చూచెనా?" అని యడిగితిని. చూచెనట, చూచి తన దొడ్డిలో రాళ్లు పరిపించి ఎత్తు చేయించెనట. "అయితే ఒకరికి చేరినది. రెండవది చేయుము" అంటిని. వాని తండ్రి ప్రక్కనే నిలువబడి వినుచుండెను, ఏమియు అనలేదు.

కూటములో మాటలాడుకొనుటకు ప్రశ్నలు

1. యాయీరు ఇంట ప్రభువు గుంపును ఎందుకు బయటకు పంపెను? నేటి మన ఇండ్లలో ఫోనును బయట పెట్టవలసిన సమయములు ఏవి?

2. మన ఊరిలో మనకు తెలిసి, పొరుగు ఊరివారికి పనికివచ్చు విద్య ఏది? దానిని ఎవరు చెప్పగలరు?

3. మన సంఘ కూటములను వీడియో తీయుటకు ముందు ఎవరి సెలవు అడుగవలెను? సంఘపెద్దలతో కలిసి ఒక నియమము వ్రాసికొనుడి.

4. ఒకరి దుఃఖమును గూర్చిన వీడియో మన ఫోనుకు వచ్చినప్పుడు దానిని మరియొకరికి పంపవలెనా?

ప్రార్థన

ప్రభువా, మా మాట వినువారిని లెక్కగా కాక మనుష్యులుగా చూచు కన్నులు మాకు దయచేయుము. మా వలన గాయపడిన వారిని ఆదరించుము. మా పిల్లల చేతి పనిని నిజమైనదిగాను ఉపయోగకరమైనదిగాను చేయుము. ఆమేన్.