పన్నెండు కిలోల పడవ: కార్బన్ ఫైబర్ కయాక్ నిర్మాణం



పడవ అనగానే మనకు గోదావరి మీది నాటు పడవ, కృష్ణలో పుట్టి, సముద్రం ఒడ్డున తెప్ప గుర్తుకు వస్తాయి. ఇక్కడ మేము వివరించబోయే పడవ పేరు కయాక్. ఒక మనిషి కాళ్ళు ముందుకు పెట్టుకొని కూర్చొని, రెండు చివరలా పలక ఉన్న తెడ్డుతో నడిపే సన్నని పడవ ఇది. ఆర్కిటిక్ ప్రాంతంలోని ఇన్యూట్ ప్రజలు ఒడ్డుకు కొట్టుకొచ్చిన కర్రలతో, ఎముకలతో చట్రం కట్టి, దానిపై సీల్ చర్మం బిగించి వేటకు వాడేవారు. 1936 బెర్లిన్ ఒలింపిక్స్ నుండి ఇది ఒలింపిక్ క్రీడ అయింది.

వేగపు పోటీలలో ఒక్కరు నడిపే కె-1 పడవకు అంతర్జాతీయ కెనో సమాఖ్య పెట్టిన నియమం ఇది: పొడవు 5.20 మీటర్లు మించరాదు, బరువు 12 కిలోలకు తగ్గరాదు. పన్నెండు కిలోలంటే సిమెంటు బస్తాలో నాలుగో వంతు కూడా కాదు. అంత తేలిక పడవలో 80, 90 కిలోల క్రీడాకారుడు కూర్చొని బలమంతా పెట్టి తెడ్డు వేస్తాడు. పడవ కొంచెం వంగినా, మెలి తిరిగినా ఆ మేరకు అతని శ్రమ వృథా అవుతుంది. మరి అంత తక్కువ బరువులో అంత బిగువు ఎలా వస్తుంది?

జవాబు మిశ్రమ పదార్థాలలో ఉంది. రెండు వేర్వేరు పదార్థాలను కలిపి, ఒకదాని లోపాన్ని మరొకటి పూడ్చేలా చేస్తే అది మిశ్రమ పదార్థం. ఇది మనకు తెలియనిది కాదు. వెదురు గుమ్మికి మట్టి, పేడ అలకడం అదే. ఆర్.సి.సి. స్లాబు కూడా అదే. లాగుడును ఇనుప ఊచ తట్టుకుంటుంది, నొక్కుడును కాంక్రీటు తట్టుకుంటుంది. కయాక్‌లో ఊచ స్థానంలో కార్బన్ పోగు, కాంక్రీటు స్థానంలో ఎపాక్సీ రెసిన్ ఉంటాయి.

కార్బన్ పోగును ఎక్కువగా పాలీఅక్రైలోనైట్రైల్ అనే దారం నుండి తీస్తారు. స్వెట్టర్లలో వాడే అక్రిలిక్ ఊలు దీనికి దగ్గరి చుట్టమే. ఈ దారాన్ని ముందు గాలిలో 200 నుండి 300 డిగ్రీల దాకా, తర్వాత ఆక్సిజన్ లేని కొలిమిలో 1000 డిగ్రీలకు పైగా వేడి చేస్తే దాదాపు కార్బన్ మాత్రమే మిగులుతుంది. ఒక్కో పోగు మందం సుమారు 7 మైక్రాన్లు, అనగా తల వెంట్రుకలో పదో వంతు. ఇనుము సాంద్రత 7.8 కాగా దీనిది 1.8 మాత్రమే. వేల పోగులను కలిపి, వాటితో బట్ట నేస్తారు.

పడవ తయారీ అచ్చుతో మొదలవుతుంది. అచ్చు లోపల మైనం రుద్ది, బట్ట పరచి, రెసిన్ తడిపి, పొర మీద పొర వేస్తారు. పోగు తన పొడవు దిశలోనే బలం చూపుతుంది. కాబట్టి పడవ వంగకుండా కొన్ని పొరలను నిలువుగా, మెలి తిరగకుండా కొన్నింటిని 45 డిగ్రీల ఏటవాలుగా వేయాలి. ఏటవాలు బట్ట వంపుల్లో ముడతలు లేకుండా కూడా కూర్చుంటుంది. దర్జీలు జాకెట్టుకు క్రాస్ కటింగ్ చేసేది ఇందుకే. కుట్టుపని తెలిసిన చెల్లెళ్ళకు ఈ భాగం ఇంజనీరింగ్ విద్యార్థుల కంటే ముందే అర్థమవుతుందని మా నమ్మకం.

ఇక అసలు విషయం. ఎంత రెసిన్ పోస్తే అంత గట్టి అని చాలామంది అనుకుంటారు. మా ఇంట్లో డిగ్రీ దాకా వచ్చింది మేమే మొదలు గాని, ఈ పాఠం మాత్రం తాపీ మేస్త్రీ అయిన మా నాన్నగారికి ముందే తెలుసు. మాలులో నీళ్ళు ఎక్కువైతే పోయడం సులువే, స్లాబు బలం మాత్రం పోతుందని ఆయన అంటుంటారు. ఇక్కడా అంతే. బలం పోగుది. రెసిన్ పని పోగులను పట్టి ఉంచడం, ఒక పోగు మీది బరువును పక్క పోగుకు అందించడం. అంతకు మించిన రెసిన్ వట్టి బరువు.

ఒక లెక్క చూద్దాం. పడవ పైభాగం, అడుగుభాగం కలిపి 4 చదరపు మీటర్లు అనుకోండి. చదరపు మీటరుకు 200 గ్రాములుండే బట్ట మూడు పొరలు వేస్తే బట్ట బరువు 2.4 కిలోలు. చేత్తో బ్రష్షు పెట్టి తడిపితే దాదాపు బట్టంత రెసిన్ పడుతుంది, అంటే మరో 2.4 కిలోలు. రెసిన్‌ను మొత్తం బరువులో 35 శాతానికి దించగలిగితే 1.3 కిలోలు చాలు. బట్ట తగ్గించకుండానే 1.1 కిలోలు మిగిలింది.

దించడం ఎలా? గాలితోనే. తడిపిన పొరలపై ప్లాస్టిక్ సంచి పరచి, అంచులు మూసి, పంపుతో లోపలి గాలి లాగేస్తారు. అప్పుడు బయటి వాతావరణం చదరపు మీటరుకు సుమారు 10 టన్నుల బరువుతో నొక్కుతుంది. అదనపు రెసిన్ పైన పరచిన పీల్చుడు గుడ్డలోకి పోతుంది. బుడగలు కూడా చాలావరకు పోతాయి.

మిగిలిన బరువుతో ఏం చేస్తారు? పలకను మందం చేస్తారు. మందం రెట్టింపైతే బిగువు ఎనిమిది రెట్లవుతుంది. అంతా కార్బన్‌తో నింపితే బరువు పెరుగుతుంది కనుక, రెండు పలుచని కార్బన్ పొరల మధ్య నురుగు పలకనో, తేనెపట్టు ఆకారపు పలకనో పెడతారు. అట్టపెట్టె మధ్యలో ముడతల కాగితం ఉన్నది చూశారు కదా, అదే కిటుకు.

పోర్చుగల్‌లోని విలా దో కొందే శతాబ్దాలుగా చెక్క ఓడలు కట్టిన ఊరు. 1978లో అక్కడ మొదలైన నెలో సంస్థ కయాక్‌లు ఒలింపిక్స్ పోటీలలో పాల్గొన్నాయి. మన వైపు చూస్తే, క్షిపణుల కోసం పుట్టిన తేలిక పదార్థంతో 1990లలో అబ్దుల్ కలాం గారి బృందం, హైదరాబాద్ నిమ్స్ వైద్యులతో కలిసి పోలియో పిల్లలకు కాలిపట్టీలు చేసింది. 3 కిలోల ఇనుప పట్టీ స్థానంలో సుమారు 300 గ్రాములది వచ్చింది.

తమ్ముళ్ళూ, ఈ భాగం రెండుసార్లు చదవండి. ఐటీఐ, డిప్లొమా చేసిన మనవాళ్ళు రేపు గాలిమర రెక్కలో, ఫైబర్ బోట్లో చేసే షెడ్డులో చేరవచ్చు. అక్కడా ఇలాంటి పనే. ఎపాక్సీ, దాని హార్డెనర్ చర్మానికి తగులుతూ ఉంటే దద్దుర్లు వస్తాయి. ఒకసారి శరీరానికి అది పడకుండా పోతే తర్వాత కొద్దిగా తగిలినా వస్తాయి, పని మానుకోవలసి రావచ్చు. చేతులకు అంటిన రెసిన్‌ను అసిటోన్‌తో కడగడం ఇంకా చెడ్డది. కలిపిన రెసిన్‌ను మగ్గు నిండా ఉంచితే దానంతట అదే వేడెక్కి పొగలు కక్కుతుంది. కోసేటప్పుడు లేచే కార్బన్ ధూళి ఊపిరితిత్తులకు హాని, పైగా కరెంటును ప్రవహింపజేస్తుంది గనుక మోటార్లలో షార్ట్ సర్క్యూట్ చేస్తుంది. చేతి తొడుగులు, సరైన మాస్కు ఇవ్వమని అడగడం కూలివాడి గొంతెమ్మ కోరిక కాదు, అది పనిలో భాగమే.

పోటీ తర్వాత పడవను తూకం వేస్తారు. 12 కిలోలకు తగ్గితే అనర్హతే. అందుచేత అందరికంటే తేలిక పడవ చేయడం తయారీదారు లక్ష్యం కాదు, ఆ 12 కిలోలను ఏ చోట ఎంత పెట్టాలన్నదే అతని పని. కార్బన్‌కు ఒక బలహీనత ఉంది. ఇనుములా సొట్ట పడదు, దెబ్బ తగిలితే చిట్లుతుంది. అందుకే రాళ్ళున్న నదుల్లో ఎక్కువగా ప్లాస్టిక్ కయాక్‌లే వాడతారు. ఒక్కోసారి పైకి గీత కూడా కనిపించకుండా లోపల పొరలు విడిపోతాయి. దాన్ని కనిపెట్టడానికి రూపాయి బిళ్ళతో పడవంతా తట్టుకుంటూ పోతారు. కొత్త కుండను తట్టి చూసినట్లే: బాగున్న చోట ఖంగుమంటుంది, పొర విడిన చోట బద్దగా పలుకుతుంది. అక్కడ సుద్దముక్కతో గుండ్రంగా గీసి, ఆ మేర పొరలను మెట్లు మెట్లుగా గీకి తీసి, అదే దిశలో కొత్త బట్ట వేసి మళ్ళీ సంచి బిగిస్తారు.